గ్రీకు నాణెం తెప్పించుకోవచ్చు, తిప్పి పంపడమే కష్టం

ప్రశ్న: మాది విజయవాడ. జర్మనీలోని ఆన్‌లైన్ వేలంలో రెండు చిన్న గ్రీకు వెండి నాణేలు పాడుకున్నాను. ఒకటి మెసెంబ్రియా అనే పాత గ్రీకు ఊరి డయోబోల్ (రెండు ఓబోల్‌ల విలువైన చిన్న వెండి నాణెం). రెండోది అడవిపంది బొమ్మ ఉన్న, కైజికస్ అనే మరో పాత గ్రీకు ఊరి నాణెం, అరగ్రాము కూడా తూగదు. డబ్బు కట్టేశాను, పార్సెల్ ఇంకా బయల్దేరలేదు. తెప్పించుకుంటే నేరమా? రిజిస్టర్ చేయించాలా? నకిలీవని తేలితే వెనక్కి పంపవచ్చా? తర్వాత అమ్ముకోవచ్చా?

జవాబు: పార్సెల్ కదలకపోవడమే మంచిదైంది. చిక్కంతా మీ మూడో ప్రశ్నలోనే ఉంది.

పురావస్తువులు, కళాసంపద చట్టం 1972 ప్రకారం నూరేళ్లు నిండిన ఏ నాణెమైనా పురావస్తువే. అది మన దేశంలో ముద్రించినదై ఉండాలన్న షరతు ఆ నిర్వచనంలో లేదు. కాబట్టి నిన్న జర్మనీలో కొన్న గ్రీకు నాణెం కూడా ఇక్కడికి చేరాక ఆ చట్టం కిందికి వస్తుంది. సెక్షన్ 3 ప్రకారం పురావస్తువును కేంద్ర ప్రభుత్వం, లేదా అది అధికారమిచ్చిన సంస్థ తప్ప ఇంకెవరూ ఎగుమతి చేయకూడదు. చేస్తే సెక్షన్ 25 కింద కనీసం ఆర్నెల్లు, గరిష్ఠంగా మూడేళ్ల జైలు, పైన జరిమానా. నచ్చకపోతే తిప్పి పంపండి అని వేలం సంస్థ ఇచ్చే హామీ జర్మనీవాళ్లకు పనికొస్తుందేమో, మీకు మాత్రం కాగితం మీదే ఉంటుంది.

నకిలీ అయితే పురావస్తువే కాదు కదా అంటారు. నిజమే. కానీ అది నకిలీ అని మీరంటే కస్టమ్స్ అధికారి ఒప్పుకోడు. సెక్షన్ 24 ప్రకారం ఆ సంగతి తేల్చాల్సింది భారత పురావస్తు శాఖ డైరెక్టర్ జనరల్, లేదా ఆయన అధికారమిచ్చిన అధికారి. పురావస్తువు కాదన్న సర్టిఫికెట్ చేతికొచ్చాకే వెనక్కి పంపాలి. ఈలోగా వేలం సంస్థ పెట్టిన గడువు దాటిపోవచ్చు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మీరు పాడిన మెసెంబ్రియా రకానికి మంచి పేరు లేదు. నల్లసముద్రం ఒడ్డున, నేటి బల్గేరియాలోని నెసెబర్ ఊరిదా నాణెం. బొమ్మవైపు ఎదురుగా చూస్తున్న శిరస్త్రాణం, బొరుసువైపు బండిచక్రానికి ఉన్నట్టు నాలుగు ఆకులున్న (స్పోకులున్న) చక్రం, ఆకుల మధ్య గడికొకటి చొప్పున నాలుగు గ్రీకు అక్షరాలు. 1988లో ‘నల్లసముద్రపు నిధి’ అంటూ మెసెంబ్రియా, అపొల్లోనియా డయోబోల్‌లు బోలెడు మార్కెట్లోకి వచ్చాయి. ఆధునిక అచ్చులతో చేసిన నకిలీలని తర్వాత తేలింది. లోహం వెండే, తూకం కూడా సరిపోతుంది. కాటా మీద 1.2 గ్రాములు చూపిందని నమ్మేయకండి. ప్రచురించిన నకిలీ అచ్చుల ఫొటోలతో మీ నాణేన్ని పక్కపక్కన పెట్టి చూడాలి. శిరస్త్రాణం కంటి రంధ్రాల ఆకారం, అక్షరాల వంపు, చక్రం అంచు అచ్చంగా కలిసిపోతే అదే నకిలీ అచ్చు. ఈ పని జర్మనీలోనే, వేలం సంస్థ ఖర్చు మీదనో మీ ఖర్చు మీదనో, నిపుణుడితో చేయించి రాతపూర్వక అభిప్రాయం తీసుకున్నాకే పార్సెల్ పంపమనండి.

కైజికస్‌ది అంత భయపడాల్సింది కాదు. బొమ్మవైపు పంది ముందు సగం, దాని వెనక ట్యూనా చేప, బొరుసువైపు చదరపు గుంటలో సింహం తల. అంచు దగ్గర పొర లేచి లోపల రాగి, ఆకుపచ్చ చిలుము కనిపిస్తే వెండిపూత నాణెం. చిన్నచిన్న గాలి గుల్లలుంటే పోత పోసిన నకిలీ. ఆ ఊరు నేటి టర్కీలో ఉంది. అక్కడి 1983 నాటి 2863వ చట్టం పాత నాణేలను దేశం దాటనివ్వదు. అందుకని నాణెం జర్మనీకి ఎప్పుడు, ఎవరి చేతి మీదుగా వచ్చిందో పాత వేలం కేటలాగో బిల్లో అడగండి. దొంగసొత్తని తెలిసీ, లేదా నమ్మడానికి కారణముండీ పుచ్చుకుంటే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 317 వర్తిస్తుంది, దొంగతనం విదేశంలో జరిగినా సరే. యూరోపియన్ యూనియన్ ఎగుమతి లైసెన్సు గానీ, అది అక్కర్లేదన్న కాగితం గానీ అమ్మినవాళ్ల నుంచే రావాలి.

తెప్పించుకోవడం నేరం కాదు. పార్సెల్ మీద ఏం రాస్తారన్నదే ముఖ్యం. నూరేళ్లు దాటిన నాణెశాస్త్ర సేకరణ వస్తువులకు టారిఫ్ నంబరు 9705 31. బిల్లులో టంకశాల ఊరు, కాలం, తూకం, అడ్డకొలత, కట్టిన అసలు ధర, రెండువైపులా ఫొటో ఉండాలి. సుంకం తగ్గుతుందని కొందరు అమ్మకందార్లు ‘గిఫ్ట్’, ‘లోహపు బిళ్ల’ అని రాసి పంపుతారు. వద్దని ముందే మెయిల్ పెట్టండి. రాసినదీ లోపలున్నదీ కలవకపోతే కస్టమ్స్ చట్టం 1962 సెక్షన్ 111 కింద సరుకు జప్తు, 112 కింద పెనాల్టీ. నష్టం మీకే, అమ్మినవాడికి కాదు.

రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. పురావస్తువుల చట్టం సెక్షన్ 14 కింద నోటిఫై చేసినవి శిల్పాలు, చిత్రాలు, బొమ్మలున్న రాతప్రతులు, చెక్కిన కొయ్య పనుల్లాంటివి. నాణేలు వాటిలో లేవు.

అమ్మకం సంగతి. అదే చట్టం సెక్షన్ 5 లైసెన్సు అడిగేది పురావస్తువులు అమ్మే వ్యాపారానికి. సేకరణలోంచి ఎప్పుడో ఒకటి దేశంలోనే తోటి సేకర్తకు ఇచ్చుకుంటే దాన్ని వ్యాపారమని నిరూపించడం కష్టం. నెలనెలా తెప్పించి, లాభం వేసుకుని, వాట్సాప్ గ్రూపులో ధరలు పెడితే మాత్రం లైసెన్సు తీసుకోవాల్సిందే. కొనేవాడు డాలస్‌లో ఉన్న మీ బంధువే అయినా, సెలవులకొచ్చి జేబులో వేసుకుని పోయినా, సెక్షన్ 3కు అది ఎగుమతే.