వైజాగ్ నుంచి అంతర్వేది: బీచ్ రోడ్డు, పంటు రెండూ కుదిరేలా

అంతర్వేది చూసుకుని, సఖినేటిపల్లి రేవులో కారుతో పంటు (వాహనాల్ని గోదావరి దాటించే పెద్ద పడవ) ఎక్కి నరసాపురం చేరాలని ఉంటే, మ్యాప్ చించినాడ వంతెన మీదుగానే తీసుకెళ్తోందన్నారు కదండీ. సెట్టింగ్స్‌లో ఫెర్రీలు వద్దు అన్న ఆప్షన్ ఆఫ్ చేయండి. అప్పటికీ మారకపోతే గమ్యంగా నరసాపురం కాకుండా సఖినేటిపల్లి రేవు పెట్టుకోండి.

తెల్లవారుజామునే బయల్దేరి అన్నవరం దాటాక కత్తిపూడి దగ్గర 216 హైవే ఎక్కండి. పిఠాపురం నుంచి ఉప్పాడకు తిరిగితే కాకినాడ దాకా సముద్రం పక్కనే రోడ్డు. అల్పపీడనం ఉంటే మాత్రం అటు వెళ్లొద్దు, కెరటాలు రోడ్డు మీదికొచ్చి గట్టునే కోసేస్తాయి. తర్వాత యానాం, అమలాపురం, రాజోలు. అంతర్వేది దర్శనం చేసుకుని రేవుకు రండి.

అసలు జాగ్రత్త రేవులోనే. అక్కడ గోదావరికి సముద్రపు పోటుపాట్లు తగులుతాయి. పాటులో నీరు తగ్గితే ఒడ్డుకీ పంటుకీ మధ్య వాలు పెరిగి, కిందికి ఉండే కార్లకి ముందు బంపర్ గీసుకుంటుంది. మనుషుల్ని దింపేసి, ఫస్ట్ గేర్‌లో, కొంచెం ఐమూలగా ఎక్కించండి. తడి బురద మీద యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే చక్రాలు జారతాయి. ఎక్కాక ఇంజిన్ ఆపి, గేర్‌లోనే ఉంచి హ్యాండ్‌బ్రేక్ లాగండి, అద్దాలు మడవండి. చిల్లర దగ్గరుంచుకోండి.

జులై నుంచి సెప్టెంబరు వరకు వరదొస్తే పంటు ఆపేస్తారు, రాజోలులోనే అడిగి కదలండి. భీష్మ ఏకాదశి రోజుల్లో తిరునాళ్ల రద్దీలో కారుతో అటు వెళ్లకపోవడమే మంచిది. తిరుగు ప్రయాణానికి చించినాడ వంతెనే హాయి.