రెయిన్ చెక్ తీసుకుంటానన్నవాడు వస్తాడా, రాడా?

అమెరికా వచ్చి నెల కూడా కాని ఒకబ్బాయి సందేహం ఇది. ఆఫీసులో పక్క సీటాయన్ని శనివారం భోజనానికి పిలిచాడట. ఆయన నవ్వుతూ "ఐ విల్ టేక్ ఎ రెయిన్ చెక్" అన్నాడట. వస్తున్నట్టా, రానట్టా?

రానట్టే బాబూ, వంట తగ్గించుకో. మొహం మీద కాదనలేక మనం "ఈసారికి వదిలెయ్యండి, మళ్ళీ చూద్దాం" అంటామే, అదే ఇది. నాకూ మొదట్లో ఎవరో ఇలా అంటే కిటికీలోంచి ఆకాశం వైపు చూశాను. ఒక్క మబ్బు లేదు.

మాట పుట్టింది 19వ శతాబ్దం చివర్లో, బేస్‌బాల్ మైదానాల్లో. వానకి ఆట ఆగిపోతే, టికెట్ ముక్క చూపించినవాళ్ళని ఇంకో రోజు ఆటకి రానిచ్చేవారు. ఆ ముక్కే రెయిన్ చెక్. ఇక్కడ చెక్ అంటే బ్యాంకు చెక్కు కాదు, చీటీ.

ఈ చీటీ కొన్ని సూపర్ మార్కెట్లలోనూ ఉంది, డబ్బు మిగిలేది ఇక్కడే. సేల్ అని ప్రకటించిన సరుకు మీరు వెళ్ళేసరికి అయిపోయిందనుకోండి, కౌంటర్లో రెయిన్ చెక్ అడగండి. ఇచ్చే షాపైతే స్టాక్ వచ్చాక అదే సేల్ ధరకి ఇస్తారు. సరుకు చాలినంత పెట్టకుండా ప్రకటనలిచ్చే కిరాణా షాపుల్ని అదుపు చెయ్యడానికి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అనే అమెరికా ప్రభుత్వ సంస్థ 1971లోనే నిబంధన తెచ్చింది. రెయిన్ చెక్ ఇస్తే తప్పు కింద రాదని 1989లో సవరించింది. అయితే ప్రకటనలోనే 'స్టాక్ పరిమితం' అని ఉంటే పట్టుబట్టి లాభం లేదు. చీటీ మీద గడువు తేదీ కూడా చూసుకోండి. నాకు ఓసారి ఇస్తే రసీదనుకుని చెత్తబుట్టలో వేశాను.

మళ్ళీ భోజనం సంగతికొస్తే, ఆయన మనసులో ఏముందో కనిపెట్టడం కష్టమేం కాదు. "వచ్చే వారం కుదురుతుందా?" అని తనే అడిగితే నిజంగా రావాలని ఉన్నట్టు. రెండోసారి పిలిచినా రెయిన్ చెక్కే అంటే ఇక పిలవకండి, అందులో కోపం తెచ్చుకోవాల్సిందేం లేదు. మీరే ఆ మాట అంటే మాత్రం ఇంకో రోజు చెప్పే బాధ్యత మీది. ఇంటర్వ్యూకి, డాక్టర్ అపాయింట్‌మెంట్‌కి ఇది వాడకండి. అక్కడ రీషెడ్యూల్ అనాలి.