ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి) స్వతంత్రమైతే ప్రభుత్వం ఎందుకు చూడాలి?

తమ్ముడూ, అశోక్‌నగర్‌లో గ్రూప్-1కి చదువుతూ ఈ ప్రశ్న దగ్గర ఆగిపోయానన్నావు. మన ఈసీఐఎల్ దగ్గరి ఎన్‌ఎఫ్‌సీ (న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్) నుంచే మొదలుపెట్టు. అణు ఇంధనం తయారుచేసే ఆ సంస్థ కేంద్ర ప్రభుత్వ అణుశక్తి విభాగానిది. దాని భద్రత చూడాల్సిన ఏఈఆర్‌బీ 1983లో పుట్టింది. అప్పట్నుంచీ జవాబు చెప్పాల్సి వచ్చింది అణుశక్తి సంఘానికి. ఆ సంఘం అధ్యక్షుడే అణుశక్తి విభాగం కార్యదర్శి! అంటే తనిఖీ చేసేవాళ్లు, తనిఖీకి గురయ్యేవాళ్ల కిందే ఉన్నట్టు; చిక్కంతా ఇక్కడే ఉండేది. 2012లో ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ కూడా ఏఈఆర్‌బీకి చట్టబద్ధ హోదా లేదని గట్టిగా ఎత్తిచూపింది. ఆ హోదా కోసం అంతకుముందే తెచ్చిన 2011 బిల్లు 2014లో లోక్‌సభ రద్దుతోపాటే మురిగిపోయింది. ఆ హోదా అణుశక్తిపై 2025లో చేసిన ‘శాంతి’ (SHANTI) చట్టంతో వచ్చింది.

ఖర్చు, నియామకాలు, వార్షిక నివేదిక గురించి పార్లమెంటు అడగాల్సిందే. రియాక్టర్ ఆపాలా వద్దా అన్నది మాత్రం మంత్రి చెప్పకూడదు. ఈ రెంటినీ విడదీసి రాయి. నేనైతే నియామకాల గురించే ఎక్కువ రాస్తాను.