బల్ల కింద కారు బ్యాటరీ

చిరంజీవి మేనల్లుడికి మామ ఆశీస్సులు.

కావలిలో సొంతంగా బల్ల వేసుకొని కారు స్టీరియోలు, ఆంప్లిఫైయర్ బోర్డులు బాగుచేయబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. వింటుంటే కడుపు నిండిపోయింది. వాటిని పరీక్షించడానికి పాత కారు బ్యాటరీ తెచ్చిపెట్టుకున్నావని కూడా చెప్పింది. ఆ మాటకి రాత్రంతా నిద్ర పట్టలేదురా.

స్టీరియోకి బ్యాటరీ మంచి సప్లై, కాదనను. స్పీకర్లో గుయ్యిమనే హమ్ము రాదు, కరెంటు పోయినా పని ఆగదు. అయితే మంచి అడాప్టరు షార్టు పడితే తనంతట తానే ఆగుతుంది. 35 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) కారు బ్యాటరీ ఆగదు. ఇంజన్ని తిప్పడానికి చేసింది అది, వందల ఆంపియర్లు ఒక్కసారిగా కక్కేస్తుంది. 12 వోల్టులేగా, షాకు కొట్టదుగా అంటావు. షాకు కొట్టదు, కాలుస్తుంది.

ప్లస్ టెర్మినల్‌కి జానెడు లోపే 5 ఆంపియర్ల ఫ్యూజు పెట్టు. బోర్డు దగ్గర పెడితే అంతవరకూ వచ్చే వైరుకి కాపలా ఉండదు, బల్ల అంచుకి ఒరుసుకొని తోలు లేచిన రోజు ఆ వైరే మండుతుంది. వైరు 1.5 స్క్వేర్ ఎంఎం చాలు. ఫ్యూజు దాటాక ప్లస్, మైనస్ మధ్య కరెంటుని ఒకవైపే పోనిచ్చే 6 ఆంపియర్ల డయోడు వెయ్యి, గీత ఉన్న వైపు ప్లస్‌కి. క్లిప్పులు తిరగబడితే ఫ్యూజు పోతుంది, బోర్డు మిగులుతుంది.

కొత్తగా వచ్చిన ఏ బోర్డుకైనా మొదట ప్లస్ వైరులో వరసగా 12 వోల్టుల 21 వాట్ల ఇండికేటర్ బల్బు పెట్టు. బోర్డు పూర్తిగా షార్టయి ఉన్నా దాదాపు 1.75 ఆంపియర్లకు మించి పోదు. బల్బు ఒక్కసారి మెరిసి ఆరితే కెపాసిటర్లు నిండాయని. నిండుగా వెలిగి అట్లాగే ఉంటే షార్టు, తీసెయ్యి.

ఇక నా అసలు దిగులు. పోయిన సంక్రాంతికి మా వరండాలో స్కూటరు బ్యాటరీ వోల్టేజీ చూడబోయి మీటరు ప్రోబు మొన కాల్చావు, గుర్తుందా? ఎర్ర ప్రోబు 10 ఆంపియర్ల సాకెట్లో ఉంది. అంతకు ముందు ఎల్‌ఈడీ పట్టీ కరెంటు చూసి అక్కడే మర్చిపోయావు. ఆ సాకెట్ లోపల ఉండేది లావుపాటి చిన్న తీగ, రెసిస్టెన్సు దాదాపు సున్నా. దాంతో బ్యాటరీ రెండు కొసలూ తాకావంటే ఇనుప పానా అడ్డంగా పెట్టినట్టే. ఆ పసుప్పచ్చ మీటర్లలో చాలావాటికి ఆ దారిలో ఫ్యూజే ఉండదు, సాకెట్ పక్కనే రాసి ఉంటుంది చూడు. చిటుక్కుమని మొన కరిగితే నువ్వు నవ్వేశావు. ఆ నవ్వు ఇంకా నా కళ్ళల్లోనే ఉంది అబ్బయా. అది 5 ఏహెచ్ బ్యాటరీ కాబట్టి సరిపోయింది. ఈ కారు బ్యాటరీ ముందర అదే పని చేస్తే ప్రోబు వైరు తోలు చేతిలోనే కరుగుతుంది, కరిగిన లోహం ముఖం మీదికి చిందుతుంది. ఇవాళే ఆ సాకెట్ మీద ఇన్సులేషన్ టేపు అతికించు. కరెంటు కొలవాల్సి వచ్చినప్పుడే తీసి, కొలిచాక ప్రోబుని వోల్టుల సాకెట్లో పెట్టి, మళ్ళీ అతికించు. బ్యాటరీని తాకే ముందు ప్రతిసారీ సాకెట్ వంక చూడు. ప్రతిసారీ.

ఛార్జింగు పెట్టిన బ్యాటరీ హైడ్రోజన్ వదులుతుంది, గాలిలో 4 శాతం చేరితే చాలు, నిప్పురవ్వకి పేలుతుంది. అందుకని కిటికీ తెరిచి, వేరేచోట 3.5 ఆంపియర్లతో ఛార్జి చెయ్యి. ఛార్జరు స్విచ్చి ఆపాకే క్లిప్పు లాగు. ఛార్జి అవుతుండగా బోర్డు తగిలించకు, 14.4 వోల్టుల దాకా ఎక్కుతుంది.

అమ్మమ్మ చేతికేసిన వెండి కడియం బల్ల దగ్గర తీసి పెట్టు. మైనస్ మీదున్న పానాకీ ప్లస్‌కీ మధ్య పడితే క్షణాల్లో కాగిపోతుంది, చేతినుంచి ఊడి రాదు. అమ్మమ్మ ఏమీ అనుకోదులే, నేను చెప్తాను.

పని లేనప్పుడు బ్యాటరీ 12.6 వోల్టులు ఉండాలి, 12.2కి దిగితే ఛార్జి పెట్టు. మన రోహిణి ఎండలకి నీళ్ళు త్వరగా తగ్గుతాయి, డిస్టిల్డ్ వాటరే పొయ్యి. బ్యాటరీ కింద ప్లాస్టిక్ ట్రే, పక్కన తినేసోడా డబ్బా, బకెట్ నీళ్ళు ఉంచు. సోడా నేల మీద పడ్డ యాసిడ్‌కి. కంట్లో పడితే మాత్రం నీళ్ళే, 15 నిమిషాలు ఆపకుండా కడిగి, తిన్నగా ఆసుపత్రికి.

ఫ్యూజు హోల్డర్లు రెండు, ఇండికేటర్ బల్బు, కళ్ళద్దాలు మీ అమ్మ చేతికిచ్చి పంపుతున్నా. అద్దాలు పెట్టుకొని బల్ల ముందు నిలబడి ఒక ఫోటో పంపించు.

ఒంగోలు నుంచి,
మీ మామ