టార్చ్ డబ్బా మీద 20,000 ల్యూమెన్లట, నమ్మొచ్చా?

ప్రశ్న: కోఠి గుజరాతీ గల్లీలో 899 రూపాయలకు ఒక టార్చ్ కొన్నాను. డబ్బా మీద 20,000 ల్యూమెన్లు, 9900 ఎంఏహెచ్ బ్యాటరీ, 10 గంటల బ్యాకప్, కిలోమీటరు దూరం అని ఉంది. వెలిగించిన కాసేపటికే డల్ అయిపోతోంది. మా ఫ్రెండ్ దగ్గరున్న 1000 ల్యూమెన్ల టార్చ్ ముందు ఇది తేలిపోతోంది. నా పీస్ డిఫెక్టా?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: పీస్ బాగానే ఉండొచ్చండీ, అబద్ధమాడుతున్నది డబ్బా. ముందు బ్యాటరీ బయటకు తీయండి. దాని మీద 18650 అని ఉంటే అది సైజు: 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు. ఆ సైజులో పేరున్న కంపెనీల మంచి సెల్లే మామూలుగా 3500 ఎంఏహెచ్ దగ్గర ఆగిపోతుంది, మరి 9900 ఎక్కడి నుంచి ఊడిపడింది? మీ వీధి కిరాణా కొట్టులో కాటా మీద పెట్టి చూడండి. అసలు సెల్ 45 గ్రాములకు అటూ ఇటూ తూగుతుంది, 30 కూడా రాలేదంటే లోపల ఏదో చిన్న సెల్ పెట్టి పైన కవర్ చుట్టేశారన్నమాట.

ఇక ల్యూమెన్లు, అంటే టార్చ్ ఇచ్చే మొత్తం వెలుగు కొలత. మంచి 18650 సెల్‌లో ఉండే శక్తి సుమారు 12.6 వాట్ అవర్లు, అంటే 12.6 వాట్లు లాగితే గంట వస్తుంది. టార్చ్‌లో మంచి ఎల్‌ఈడీ ఒక వాట్‌కి 150 ల్యూమెన్లు ఇచ్చిందనుకున్నా, 20,000 రావాలంటే 130 వాట్లకు పైనే లాగాలి. అంత లాగితే ఆరు నిమిషాల్లోపే సెల్ ఖాళీ, దానికి ముందే మీ చేయి కాలుతుంది. పదిగంటల సంగతి ఇక చెప్పేదేముంది!

డల్ అవడం మాత్రం ఒక్కటే చూసి తిట్టకండి, ఖరీదైన టార్చ్‌లు కూడా వేడెక్కితే వెలుగు తగ్గించుకుంటాయి. తేడా ఏంటంటే మంచి కంపెనీ ఎన్ని నిమిషాలకు ఎంతకు పడిపోతుందో గ్రాఫ్ గీసి చూపిస్తుంది. 2009లో అమెరికాలో వచ్చిన ఎఫ్ఎల్-1 అనే ప్రమాణం ప్రకారం ల్యూమెన్లను స్విచ్ వేసిన 30 సెకన్ల తర్వాత, రెండు నిమిషాల లోపు కొలవాలి. రన్‌టైమ్ అంటే ఆ వెలుగు పదో వంతుకు పడిపోయేదాకా పట్టే సమయం. అంటే 1000 ల్యూమెన్లతో మొదలై వందకు దిగేదాకా అంతా 'బ్యాకప్' లెక్కలోకే వస్తుంది, నిజాయితీగా రాసినా సరే! దూరం కూడా అంతే, వెలుగు పౌర్ణమి వెన్నెలంత, అంటే ఒక చోట పడే వెలుగు లెక్కలో 0.25 లక్స్‌కి పడిపోయే చోటిదాకా కొలుస్తారు. కిలోమీటరు రావాలంటే రెండున్నర లక్షల క్యాండెలా (ఒకే దిక్కున వెలుగు ఎంత తీవ్రంగా వెళ్తుందో చెప్పే కొలత) కావాలి. మీ డబ్బా మీద క్యాండెలా అన్న మాటే ఉండదు, చూసుకోండి.

ప్రశ్న: నా టార్చ్ ఫోన్‌తో వచ్చిన సి-టు-సి కేబుల్‌తో అస్సలు ఛార్జ్ అవదు, డబ్బాలో ఇచ్చిన, ఒక చివర పాత యూఎస్‌బీ ఉండే పొట్టి కేబుల్‌తో అయితే అవుతుంది. ఎందుకు?
– ఒక పాఠకురాలు, మల్కాజ్‌గిరి

జవాబు: టార్చ్ ఛార్జింగ్ పోర్టు దగ్గర ఉండాల్సిన రెండు 5.1 కిలో ఓమ్ రెసిస్టర్లు వాళ్లు పెట్టలేదు. సి-టైప్ ఛార్జర్ వాటిని గుర్తించాకే కరెంటు వదులుతుంది, పాత యూఎస్‌బీ అడాప్టర్ అదేమీ అడగకుండా 5 వోల్టులు ఇచ్చేస్తుంది. పైసలతో పోయే పార్టుల దగ్గర కక్కుర్తి. ప్రమాదమేమీ లేదు, ఆ పొట్టి కేబుల్‌నే పాత అడాప్టర్‌కి పెట్టి వాడుకోండి.

ప్రశ్న: మా తమ్ముడికి టార్చ్‌ల పిచ్చి. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కోసం ఒక చవక బ్రాండ్‌ది తెప్పిస్తే, దాన్ని విప్పి తిప్పి బిగించే మరల మీద గ్రీజు లేదు, నీరు పోకుండా ఆపే ఓ-రింగ్ (రబ్బరు రింగు) లేదు, ఎల్‌ఈడీ పేరు ఆన్‌లైన్ పేజీలో ఒకటి, డబ్బా మీద ఇంకొకటి అని గంటసేపు క్లాస్ పీకాడు. ఆ రేటుకి ఇంకేం వస్తుంది? ఇలాంటి వాళ్లది మరీ చాదస్తం కాదా?
– ఒక పాఠకుడు, మలక్‌పేట

జవాబు: గ్రీజు సంగతిలో మీతోనే ఉన్నాను, కాస్త సిలికాన్ గ్రీజు రాస్తే సరిపోయేదానికి గంట క్లాస్ ఎక్కువే. మిగతా వాటిలో మీ తమ్ముడిదే రైటు. రేటు తక్కువైతే స్విచ్ వదులుగా ఉండొచ్చు, వెలుగు మధ్యలో పచ్చగా, అంచుల్లో నీలంగా కనిపించొచ్చు, సర్దుకుంటాం. కానీ డబ్బా మీద ఐపీఎక్స్-7 అని అచ్చు వేయడానికి మాత్రం ఖర్చేమీ లేదు కదా, అందుకే వేసేస్తారు. మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా లోపలికి నీరు పోకూడదని దానర్థం, ఓ-రింగే లేకుండా అదెలా సాధ్యం? వానాకాలం సెల్లార్‌లో నీళ్లు చేరినప్పుడు మోటార్ ఆపడానికి దిగేది మీ వాచ్‌మనే. నిజంగా 300 ల్యూమెన్లే ఇస్తే 300 అనే రాయొచ్చు, సెల్లార్‌కీ గేటుకీ అది ధారాళం. ఎవరూ తిట్టరు.

ఇంకో టార్చ్ తీసుకుంటే షాపులోనే వెలిగించి, తక్కువ వెలుగు మోడ్‌లో పెట్టి ఫోన్ కెమెరాలోంచి చూడండి, తెర మీద నల్లటి చారలు పాకితే డ్రైవర్ (ఎల్‌ఈడీకి కరెంటు అందించే సర్క్యూట్) నాసిరకం, రాత్రంతా వాడేవాళ్లకు కళ్లు లాగుతాయి. ఆపాలంటే ప్రతిసారీ మిణుకు మిణుకు మోడ్ దాటి వెళ్లాల్సిన స్విచ్ అసలొద్దు, వాచ్‌మన్ మిమ్మల్నే తిట్టుకుంటాడు. డబ్బా మీద ఎంఆర్‌పీ, తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, అడ్రస్, దిగుమతి సరుకైతే తయారైన దేశం ఉండటం తప్పనిసరి. అవి లేకపోయినా, రాసినదానికీ ఇచ్చినదానికీ పొంతన లేకపోయినా బిల్లు దగ్గర పెట్టుకుని 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తమ్ముడినే మాట్లాడమనండి, ఆయనకు చెప్పడానికి పాయింట్లు చాలానే ఉన్నట్టున్నాయి.