ముందు అద్దం కొనండి, తర్వాత ఫోమ్ కొయ్యండి

రెండు సీట్ల చిన్న కారుకు ఇంటి వెనక షెడ్డులో ఫైబర్ గ్లాస్ బాడీ చేయాలనుకుంటున్నారు. థర్మోకోల్ దిమ్మలు అతికించి పూర్తి సైజు ప్లగ్ (బాడీ ఆకారంలో ఉండే నమూనా) చెక్కి, దాని మీద అచ్చు తీస్తే సరిపోతుందా అన్నది మీ ప్రశ్న. సరిపోదు. ఫైబర్ గ్లాస్‌ను గట్టిపరిచే పాలిస్టర్ రెజిన్‌లో స్టైరీన్ అనే ద్రావకం ఉంటుంది, అది తగిలితే థర్మోకోల్ కరిగి గుంటలు పడుతుంది. అయితే ఫోమ్ సంగతికంటే ముందు తేల్చుకోవలసింది మరొకటి ఉంది. మీకు ఎన్ని బాడీలు కావాలి?

ఒక్కటే అయితే ప్లగ్, అచ్చు రెండూ దండగ. చట్రం మీదే ఫోమ్ పేర్చి, ఆకారం తెచ్చి, పైన గ్లాస్ మ్యాట్ (గాజు నార పరుపు) రెజిన్‌తో వేసి, లోపలి ఫోమ్ తవ్వి పారేయండి. బాడీ కాస్త బరువెక్కుతుంది, లోపలి వైపు చూడముచ్చటగా ఉండదు. ఆ మాత్రం ఓర్చుకోవచ్చు. అచ్చు తీసేది రెండో బాడీ, మూడో బాడీ కోసం, లేదా గుద్దుకున్న భాగాన్ని మళ్ళీ పోసుకోవడం కోసం. 1953లో మొదటి ఏడాది షెవర్లే కార్వెట్ 300 మాత్రమే తయారయ్యాయి, అన్నీ ఫైబర్ గ్లాస్ బాడీలే. అంత తక్కువ సంఖ్యకు ఉక్కు డైల (రేకును నొక్కి ఆకారం తెచ్చే అచ్చుల) ఖర్చు గిట్టదు. పడవల పనిలో చేయి తిరిగిన బ్రూస్ మేయర్స్ 1964లో కాలిఫోర్నియాలో తన మొదటి డ్యూన్ బగ్గీ (ఇసుక దిబ్బల మీద నడిపే చిన్న బండి) చేశాడు. అచ్చు కుదిరాక ఆ బాడీలు వేల సంఖ్యలో వెళ్ళాయి. మీకూ ఒకటికి మించి బాడీలు కావాలంటే ఇక ముందుకు చదవండి.

నేను చేసింది విజయవాడలో. మారుతి 800 ఇంజను, గేరుబాక్సు తీసుకుని పైపుల చట్రం మీద కూర్చోబెట్టిన బండి అది. (మారుతి 800కు విడిగా ఛాసీ ఉండదు, బాడీయే చట్రం. పైభాగం కోసేసి కింది భాగం వాడుకుందామన్న ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి.) ప్లగ్‌కు చేయి పెట్టకముందే నేను కొన్నవి ముందు అద్దం, హెడ్‌లైట్లు, వెనక లైట్లు, తలుపు కీళ్ళు. ముందు అద్దం లామినేటెడ్ గాజు, మీ గీతకు సరిపడేలా ఒక్కటి చేయించడం జేబుకు చాలా భారం. పాత కారు అద్దం తెచ్చి, దాని వంపును బట్టి పైకప్పు, బానెట్ గీసుకోవాలి. లైట్లదీ అదే వరస. చక్రాలు కూడా ముందే బిగించి, స్టీరింగ్ పూర్తిగా తిప్పి, సస్పెన్షన్ పూర్తిగా నొక్కి టైరు ఎక్కడి దాకా వస్తుందో గుర్తు పెట్టుకోండి.

తర్వాతి పని పెన్సిలుతో. అచ్చు ఎన్ని ముక్కలు, ఏ ముక్క ఎటు ఊడి వస్తుంది? ఇది తేలకుండా చెక్కడం మొదలుపెడితే ఎంత అందమైన ఆకారమైనా అచ్చులోనే ఇరుక్కుపోతుంది. ఇడ్లీ గుంట పైకి వెడల్పవుతుంది కాబట్టే ఇడ్లీ ఊడుతుంది. అలాగే ప్రతి గోడకూ కనీసం రెండు మూడు డిగ్రీల వాలు ఉండాలి. బంపరు కింద లోపలికి మడిచే భాగం, చక్రం చుట్టూ ఉన్న పెదవి, గాలి బెజ్జాలు ఎదురు వాలుతో ఉంటాయి, అక్కడ అచ్చును విడదీయక తప్పదు. తెనాలిలో విగ్రహాలు పోసే శిల్పుల దగ్గర కాసేపు నిలబడి చూడండి, ముక్కల అచ్చు కిటుకు పుస్తకం కంటే త్వరగా బోధపడుతుంది. విడదీసే గీత ఎప్పుడూ అంచు మీదో, తలుపు సందు మీదో పడాలి. చదునైన తలుపు మధ్యలో పడితే ప్రతి బాడీ మీదా ఆ గీతను రుద్దుతూ కూర్చోవాలి.

ఇక అస్థిపంజరం. 9 లేదా 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో అడ్డ ఫలకలు కోసి 150 నుంచి 200 మిల్లీమీటర్లకు ఒకటి నిలబెట్టండి. కాగితం మీద సగమే గీసి, తిప్పి రెండో సగం కోయాలి. ఎడమా కుడీ విడివిడిగా గీస్తే ఎప్పటికీ కలవవు. ముందు నుంచి వెనక దాకా సన్నని తీగ బిగించి, తూకపుగుండు వేలాడదీసి ప్రతి ఫలక మధ్యగీతా సరిచూడండి. నేల సమంగా లేకపోతే తాపీ మేస్త్రీలు వాడే నీళ్ళ గొట్టంతో మట్టం తీయండి, ఖర్చు లేని పని. ఫలకల అంచులు తుది ఉపరితలానికి రెండు మూడు మిల్లీమీటర్లు లోపలే ఉండాలి. లేదంటే రుద్దేటప్పుడు మెత్తని ఫోమ్ దిగిపోతుంది, గట్టి ప్లైవుడ్ గట్టులా తేలుతుంది.

ఫలకల మధ్య గట్టి పాలియురేథేన్ ఫోమ్ నింపండి, దానికి స్టైరీన్‌తో పేచీ లేదు. ఇప్పటికే థర్మోకోల్ కొనేసి ఉంటే దాని మీద ఎపాక్సీ రెజిన్‌తో గ్లాసు పొర వేసి కాపాడుకోవచ్చు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ చవకే, కానీ చెమ్మ పట్టి ఉంచుతుంది, అంత పెద్ద ప్లగ్‌ను కదల్చలేరు కూడా. నా ఓటు దానికి లేదు. ఫోమ్ ఆకారానికి వచ్చాక చదరపు మీటరుకు 300 గ్రాముల మ్యాట్ ఒకటి రెండు పొరలు వేస్తే చేతి ఒత్తిడికి సొట్టపడదు. ఆ పైన పాలిస్టర్ పుట్టీ.

అసలు పని ఇక్కడి నుంచే. ప్లగ్‌కు పట్టే కాలంలో సింహభాగం పుట్టీ పెట్టడం, రుద్దడం, మళ్ళీ పెట్టడం. చిన్న చెక్కముక్కకు ఎమరీ పేపర్ చుట్టి రుద్దకండి, గుంటలోకి దిగి గుంటనే నునుపు చేస్తుంది. 600 నుంచి 900 మిల్లీమీటర్ల పొడవున్న, కొద్దిగా వంగే బద్దకు 80 నంబరు పేపర్ అతికించి, ఒకసారి ఇటు ఏటవాలుగా, ఒకసారి అటు ఏటవాలుగా లాగండి. రుద్దే ముందు నల్ల రంగు పలచగా చల్లితే ఎత్తున్న చోట చెరిగిపోతుంది, పల్లంలో నలుపు మిగులుతుంది. నలుపు మిగిలిన మచ్చ మీదే పుట్టీ పెట్టాలనిపిస్తుంది. అలా చేస్తే దాని చుట్టూ మరో రెండు గుట్టలు పుడతాయి. ప్యానెల్ మొత్తానికీ పలచటి పూత లాగి, మొత్తం మళ్ళీ రుద్దాలి.

కంటిని నమ్మకండి. పలచని నూలు గుడ్డ చేతికి వేసుకుని, కళ్ళు మూసుకుని అరచేతితో నిమరండి, అర మిల్లీమీటరు ఎగుడుదిగుడు కూడా తగులుతుంది. రాత్రిపూట ఉపరితలం మీద నీళ్ళు చల్లి, ట్యూబులైటు ప్రతిబింబం దాని వెంట ఎలా జారుతుందో చూడండి. గీత వంకర తిరిగిన చోటే రంగు వేసిన కారు కూడా వంకరగా కనిపిస్తుంది. విగ్రహంలో ఆ వంకర శిల్పి శైలిగా చెల్లిపోతుంది, కారులో యాక్సిడెంటయిన బండిలా ఉంటుంది.

పై పూతకు రెండు భాగాలు కలిపే పాలియురేథేన్ ప్రైమరే వాడండి. ఆటోనగర్ దుకాణాల్లో చవకగా దొరికే ఎన్.సి. (నైట్రోసెల్యులోజ్) ప్రైమర్ మీద జెల్‌కోట్ (అచ్చుకు మొదట వేసే చిక్కటి రెజిన్ పూత) పడితే పొంగి ముడతలు పడుతుంది, నెలల పని అచ్చుకు అతుక్కుపోతుంది. 320 నుంచి 1000 దాకా నీళ్ళతో వాటర్ పేపర్ రుద్ది, ప్రైమర్‌ను రెండు వారాలు ఆరనివ్వండి. తర్వాత అచ్చులకు వాడే కార్నౌబా మైనం ఆరేడు పూతలు, పూతకూ పూతకూ మధ్య ఎడమిచ్చి. సిలికాన్ కలిసిన కారు పాలిష్ దగ్గరికి రానివ్వకండి. ఆపైన పాలివినైల్ ఆల్కహాల్ పొర, అది నీళ్ళతో కడిగితే పోతుంది. ఇదంతా ముందు ఒక పాత చెక్క మీద చేసి, అరచేతంత అచ్చు తీసి ఊడదీసి చూసుకోండి.

అచ్చు గురించి క్లుప్తంగా: టూలింగ్ జెల్‌కోట్ (అచ్చుల కోసం చేసిన రకం) 0.6 నుంచి 0.8 మిల్లీమీటర్లు, దాని మీద పలచటి మ్యాట్ ఒక్క పొర వేసి రాత్రంతా వదలండి. తర్వాత 450 గ్రాముల మ్యాట్, ఒక పూటకు రెండు మూడు పొరలు మించకుండా, మొత్తం ఆరు నుంచి ఎనిమిది. త్వరపడితే వేడెక్కి ముడుచుకుని ఆకారం తప్పుతుంది. ముక్కలు కలిసే చోట 75 నుంచి 100 మిల్లీమీటర్ల అంచు వదిలి బోల్టులకు బెజ్జాలు వేయండి. ప్లగ్ మీద ఉండగానే వెనక ఇనుప చట్రం అతికించి, వారమైనా ఆగి ఊడదీయండి. ఊడదీయడానికి ఒక వైపు పలచగా చెక్కిన చెక్క ముక్కలు, నీళ్ళు. స్క్రూడ్రైవర్ వద్దు.

మన ఎండల్లో ఇంకో చిక్కు. మే నెల మధ్యాహ్నం బకెట్‌లోనే రెజిన్ గడ్డకట్టి పొగలు కక్కుతుంది. వానాకాలం ఆ ఆల్కహాల్ పొర సరిగా ఆరదు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉదయం పూట అచ్చు పనికి అనువు. హార్డ్‌నర్‌గా వాడే ఎం.ఇ.కె.పి.నీ (మిథైల్ ఇథైల్ కీటోన్ పెరాక్సైడ్), రెజిన్ త్వరగా గట్టిపడేందుకు కలిపే కోబాల్ట్‌నూ నేరుగా ఎన్నడూ కలపకండి, పేలుతుంది. కోబాల్ట్ ముందు రెజిన్‌లో పూర్తిగా కలిశాకే హార్డ్‌నర్. అది కంట్లో పడితే చూపు పోవచ్చు, కళ్ళద్దాలు తప్పనిసరి. స్టైరీన్ వాసనకు చేతిరుమాలు చాలదు, కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు కావాలి. పుట్టీ దుమ్ము పక్కింటి దండెం మీది బట్టలపై వాలుతుంది, కాబట్టి వాళ్ళతో ముందే మాట్లాడుకోండి.

రోడ్డు మీద తిప్పాలన్న ఆశ ఉంటే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చదవండి. తయారీదారు నిర్దేశించిన వివరాలకు తేడా వచ్చేలా వాహనాన్ని మార్చడం దాని ప్రకారం కుదరదు. నా బండి సొంత స్థలంలోనే తిరుగుతుంది.

మీ చట్రం చక్రాల మధ్య దూరం, ఏ కారు అద్దం దొరికిందో రాయండి. తలుపు ఉంటుందా, పైకప్పు ఊడేదా అన్నది కూడా చెబితే అచ్చును ఎక్కడ విడదీయాలో చెప్పగలను.