ముందు చర్చి పెద్దలకు చెప్పాలా, లాయర్‌కు చెప్పాలా?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. పన్నెండేళ్ల వయసులో ఫాదర్ చేసిన లైంగిక వేధింపుల మీద ఇప్పుడు, ముప్ఫై నాలుగేళ్లకు, కేసు పెట్టవచ్చా అన్నది ఒకటి. ముందు చర్చి పెద్దలకు చెప్పడం పద్ధతి కదా అన్నది రెండోది. మొదటిదానికి జవాబు దేశాన్ని బట్టి మారుతుంది. రెండోదానికి మాత్రం ఎక్కడైనా ఒకటే జవాబు: వద్దు. నేను లాయర్‌ను కాను, నా తమ్ముడి పక్కన ఆ పెద్దల గదిలో కూర్చుని వచ్చినదాన్ని.

నా తమ్ముడికీ చిన్నప్పుడు ఒక ఫాదర్ చేతిలో ఇలాగే జరిగింది. మేమూ మీలాగే అనుకున్నాం. పద్ధతిగా ఉత్తరం రాశాం. రెండు వారాల తర్వాత ఫోన్ వచ్చింది, ప్రేమగా కూర్చుని మాట్లాడుకుందాం రండి అని. వెళ్తే నలుగురున్నారు. ముగ్గురు మగవాళ్లు, ఒక ఆవిడ. ఆవిడ మేమున్నంతసేపూ నోరు విప్పలేదు, ఎందుకు పిలిచారో ఇప్పటికీ అర్థం కాదు. ముందు ప్రార్థన చేశారు. ఆ ప్రార్థనలో క్షమాపణ అనే మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టలేదు గానీ, క్షమించాల్సిన పని మా తమ్ముడిదే అన్నట్టు సాగింది. "బాబూ, నీ బాధ మా బాధ" అన్నారు. ఆ ఫాదర్ పేరు మాత్రం ఒక్కసారీ ఎత్తలేదు. "ఆ రోజుల్లో జరిగినది" అంటూ నెట్టుకొచ్చారు.

తర్వాత కవర్లోంచి రెండు పేజీల కాగితం తీశారు. కౌన్సెలింగ్ ఖర్చు వాళ్లు పెట్టుకుంటారట. బదులుగా ఈ విషయం కుటుంబ సభ్యులతో సహా ఎవరి దగ్గరా ఎత్తకూడదని మూడో పేరాలో ఉంది. కుటుంబ సభ్యురాలిని నేను పక్కనే కూర్చుని ఆ పేరా చదువుతున్నాను! నిజం చెప్పాలంటే నేను వాణ్ని ఆపలేదు. అక్కడి నుంచి బయటపడితే చాలనిపించింది. వాడు సంతకానికి వంగాడు. వాళ్లిచ్చిన పెన్ను మూత తీసి, చేతిలో ఒకసారి తిప్పి చూసి, అలాగే ఉండిపోయాడు. అది చర్చి రజతోత్సవానికి పంచిన పెన్ను. దాని మీద చిన్న ఫొటో, కింద పేరు. ఆ ఫాదర్‌దే. కావాలని ఇచ్చారని అనను, టేబుల్ మీద చేతికందింది ఇచ్చి ఉంటారు. తమ్ముడు మూత పెట్టేసి, "అక్కా, వెళ్దాం" అన్నాడు. అంతే, ఇంకో మాట లేదు.

తర్వాతి వారం లాయర్ దగ్గరికి వెళ్లాం. ఆవిడ "ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు" అని అడగలేదు. (మా బంధువుల్లో ఆ ప్రశ్న అడగని మనిషి లేడు. పన్నెండేళ్ల పిల్లవాడు ఎవరికి చెప్పాలో, ఏ మాటల్లో చెప్పాలో మాత్రం ఎవరూ వివరించరు.) ఏ సంవత్సరం, అప్పుడు వయసెంత, ఎక్కడ, అతను బతికున్నాడా, ఇప్పుడు అతని దగ్గరికి పిల్లలు వెళ్తున్నారా, ఇవీ ఆవిడ ప్రశ్నలు. చివరిది చాలా ముఖ్యం. పిల్లలు వెళ్తుంటే ఇక ఆలోచించకండి, వెంటనే పోలీసులకు చెప్పండి.

మూడు దారులున్నాయని అప్పుడే అర్థమైంది. పోలీసు కేసు వేరు, అది మనిషికి శిక్ష కోసం. నష్టపరిహారం దావా వేరు, అందులో సంస్థను కూడా నిలబెట్టవచ్చు. మతసంస్థ లోపలి విచారణ ఇంకో సంగతి. అది అతన్ని పదవి నుంచి తీసేయగలదు గానీ జైలుకు పంపలేదు. జనం ఈ మూడింటినీ కలిపేసి, "చర్చి విచారణలో తేలలేదట, ఇంక కేసు లేదు" అంటారు. ఒకటి తేలకపోయినంత మాత్రాన మిగతావి మూతపడవు.

కాలపరిమితి గురించి వాట్సాప్ పండితులను నమ్మకండి. మాకూ ఒకాయన "ఏడేళ్లు దాటితే కేసు చచ్చిపోతుంది" అని ఘంటాపథంగా చెప్పాడు. భారత్‌లో మూడేళ్లకు మించిన జైలుశిక్ష పడే నేరాలకు క్రిమినల్ కేసులో కాలపరిమితి లేదు. పిల్లల మీద లైంగిక నేరాల కోసం తెచ్చిన పోక్సో చట్టం 2012 నవంబర్ 14 నుంచి అమల్లోకి వచ్చింది కాబట్టి, అంతకుముందు జరిగినవాటికి అప్పటి చట్టమే వర్తిస్తుంది. నష్టపరిహారం దావాకు లెక్క వేరు, అక్కడ గడువు ఉంటుంది. అమెరికాలోని కాలిఫోర్నియాలో గడువు దాటిన పాత దావాల కోసం 2020 నుంచి 2022 చివరి దాకా ప్రత్యేకంగా తలుపు తెరిచారు. న్యూయార్క్‌లో 2019లో అలాంటిదే తెరిచి 2021లో మూసేశారు. మేరీల్యాండ్‌లో 2023లో దావాలకు గడువే ఎత్తేశారు. ఇంకో చిక్కు, అమెరికాలో డయోసీస్ (ఒక బిషప్ కింద ఉండే చర్చిలన్నీ కలిసిన సంస్థ) దివాలా పిటిషన్ వేస్తే కోర్టు చెప్పిన తేదీలోగా మన క్లెయిమ్ అందాలి. 2004లో పోర్ట్‌లాండ్ ఆర్చ్‌డయోసీస్‌తో ఈ దివాలా వరస మొదలైంది. అందుకే లాయర్‌ను ఇవాళే కలవమంటున్నాను.

సంతకం సంగతి మళ్లీ చెబుతాను, తిట్టుకోకండి. ఆస్ట్రేలియాలో 2018లో ప్రభుత్వమే పరిహార పథకం పెట్టింది. అందులో కూడా డబ్బు తీసుకుంటే ఆ సంస్థ మీద తర్వాత దావా వేయనని రాసివ్వాలి. కాకపోతే అక్కడ సంతకానికి ముందు ఉచితంగా న్యాయ సలహా ఇప్పిస్తారు. మాకు ఇచ్చింది పెన్ను మాత్రమే. పైగా 2019 డిసెంబర్‌లో పోప్ ఫ్రాన్సిస్ ఈ కేసుల మీద ఉన్న రహస్య నిబంధన ఎత్తేస్తూ, బాధితుల నోరు కట్టేసే షరతు పెట్టకూడదని స్పష్టంగా చెప్పారు. అంటే ఆ మూడో పేరా వాళ్ల సొంత నియమాలకే విరుద్ధం! లాయర్ చెప్పేదాకా మాకు తెలియదు. ఆ నలుగురికి తెలియదంటే నేను నమ్మను.

ఇది చర్చిలకే పరిమితం అనుకునేవాళ్లకు ఒక మాట. హర్యానాలోని డేరా సచ్చా సౌదా ఆశ్రమం బాబా మీద అత్యాచార ఆరోపణలతో పేరులేని ఉత్తరం 2002లో వచ్చింది, 20 ఏళ్ల శిక్ష 2017లో పడింది. మతం ఏదైనా "పెద్దాయన అలాంటివాడు కాదు" అనే మాట ఒక్కటే. ఫాదర్లకూ శిక్ష పడుతుంది. కేరళలోని కొట్టియూర్ కేసులో 2019లో తలశ్శేరి పోక్సో కోర్టు ఒక ఫాదర్‌కు 20 ఏళ్లు వేసింది, 2021లో హైకోర్టు దాన్ని పదేళ్లకు తగ్గించింది. ఆ కేసులో బాధితురాలైన అమ్మాయి, ఆమె తల్లి ఇద్దరూ కోర్టులో మాట మార్చారు. అయినా పుట్టిన తేదీ రికార్డు, డీఎన్‌ఏ నిలబడ్డాయి.

"నా దగ్గర సాక్ష్యం ఏమీ లేదు" అని రాశారు. తమ్ముడూ అదే అన్నాడు. లాయర్ అడిగిందని అమ్మ పెట్టెలోంచి పాత చర్చి సావనీర్లు (ఉత్సవాలకు వేసే ప్రత్యేక సంచికలు) తీశాం. వాటిల్లో చూస్తే తెలిసింది. తొమ్మిదేళ్లలో నాలుగు చర్చిలు మారాడు ఆ మనిషి. 2002లో బోస్టన్ గ్లోబ్ పత్రిక బయటపెట్టింది కూడా ఇదే, ఫిర్యాదులు వచ్చిన ఫాదర్లను చోటు మార్చి మళ్లీ పిల్లల మధ్యకే పంపడం. మా విషయంలో పైవాళ్లకు తెలిసే మార్చారని నా నమ్మకం. రుజువు ఇంకా చేతికి రాలేదు.

తేదీలు గుర్తురాక తమ్ముడు చాలా టెన్షన్ పడ్డాడు. ఒక నోటుపుస్తకం కొని ముందు జరిగింది కాకుండా చుట్టూ ఉన్నవి రాయడం మొదలుపెట్టాడు. ఏడో తరగతి క్లాస్ టీచర్ పేరు, ఆ వేసవి క్యాంపులో పక్కన పడుకున్న కుర్రాడి పేరు, తాతయ్య పోయిన నెల. అది జరిగింది చర్చి హాలు పైకప్పు రేకులు తీసి స్లాబ్ వేయించిన ఏడాది అని అక్కడ తేలింది. స్లాబ్ ప్రారంభోత్సవం శిలాఫలకం ఇంకా గోడకే ఉంది, తేదీతో సహా. ఫొటో తీసి లాయర్‌కు పంపాం.